గంటకు ఎంత?

పేరు: అపొండి.
ఊరు: కిసుము.
ఫొటోలో గోడ పెచ్చులు కనబడకుండా
వెనక చెల్లెలి కంగా గుడ్డ వేలాడదీశాను.
ఏం చేయగలవు అని అడిగితే,
ఎవరి మాటలైనా విని రాయగలను,
దగ్గులతో సహా.

ఆ తర్వాత ఒక ఖాళీ గడి.
ముందు డాలరు గుర్తు, వెనక "గంటకు".
మధ్యలో కర్సరు
ఊపిరి పీలుస్తూ, వదులుతూ.

పద్నాలుగు అని కొట్టాను. చెరిపాను.
పది. చెరిపాను.
నాలాంటి వాళ్ళు ఎంతమంది అని చూస్తే మూడు వేల పైచిలుకు,
అందరూ నవ్వుతున్నారు.
ఇలోయిలోలో మారివిక్ అట, నాలుగు డాలర్లు.
నేను మూడున్నర పెట్టి పడుకున్నాను.
తెల్లారేసరికి మారివిక్ మూడు.
ఆమె మొహం నేను చూశాను, నా మొహం ఆమె చూసే ఉంటుంది.
సముద్రానికి ఈ ఒడ్డున ఒకరం, ఆ ఒడ్డున ఒకరం
ఒకే బావిలోకి చేంతాడు వదులుతున్నాం.
అడుగు తగిలిన చప్పుడు ఇంకా రాలేదు.

రెండు డెబ్బై ఐదు.
బోణీ అయింది.

ఎక్కడో చలిదేశంలో, దగ్గితే మోగే హాలులో
ఒక పెద్దమనిషి రెండు గంటల ఉపన్యాసం.
అది రాయడానికి నాకు పదకొండు గంటలు పట్టింది.
మధ్యలో కరెంటు టోకెను అయిపోయి
చీకట్లో నలభై షిల్లింగులు వెతుక్కున్నాను.
గంట అంటే నా గంట అనుకున్నాను నేను.
గంట అంటే ఆయన గంట అనుకున్నారు వాళ్ళు.
పైగా ఒక పేజీ సారాంశం, కొసరు.
ఐదో వంతు అంగడి వాడిది.

ఉపన్యాసం దేని గురించో చెప్పలేదు కదూ.
ధరలు పెట్టడం గురించి.
"చవగ్గా అమ్మేవాణ్ణి ఎవడూ నమ్మడు" అన్నాడాయన.
అక్షరం పొల్లుపోకుండా కొట్టాను.
జనం నవ్వారు.
బ్రాకెట్లు పెట్టి, "నవ్వులు" అని రాశాను.

మా మెట్ల కింద న్యార్ ఉగెన్యా ఒమెనా చేపలు అమ్ముతుంది,
వేలెడు పొడవు కూడా లేని ఎండు చేపలు, తగరపు డబ్బాతో కొలిచి.
ఆమె అసలు పేరు ఎవరికీ తెలీదు, అప్పులవాడికి తప్ప.
ధర ఎట్లా పెడతావమ్మా అని అడిగాను.

"ధర నేను పెట్టేదేంటి?
పడవల వాళ్ళు పెడతారు. వాన పెడుతుంది.
నేను పెట్టేది డబ్బా."
తిప్పి చూపించింది. అడుగు లోపలికి సొట్ట.
"ఇంత లోతు అద్దె. ఇంకాస్త, చిన్నాడి బడి.
ఇదిగో ఈ మడత, నా మోకాళ్ళ మందు."
మోసం కాదా అన్నాను.
"బజారంతా సొట్టలే, అందరూ చూసే కొంటారు.
నీ సంగతి చెప్పు పిల్లా,
నీ డబ్బాకి అసలు అడుగే లేనట్టుంది."

ఆ రాత్రి కాగితం మీద రాసుకున్నాను.
టోకెను. డేటా. అద్దెలో నా సగం.
చెవుల్లో హోరు, దానికెంతో తెలియక ఒక సున్నా.
అంగడి వాడి వాటా. పని దొరకని రోజులు.
కూడితే ఆరు నలభై.
కింద ఒక వాక్యం: గంట అంటే నేను కూర్చున్న గంట.

పదకొండు రోజులు ఎవరూ రాలేదు.
మారివిక్‌కి ఈలోగా ముప్ఫై కొత్త నక్షత్రాలు,
మూడు డాలర్లకే.
అసూయా జాలీ కలిసి వస్తే ఏమంటారో నాకు తెలీదు.
పన్నెండో రాత్రి
ఆరు చెరిపాను.
నలభై కూడా.

ఖాళీ గడి. కర్సరు.
కింద నుంచి టక్, టక్,
కొత్త డబ్బా కొన్నట్టుంది,
రాయితో అడుగు కొడుతోంది న్యార్ ఉగెన్యా.
ఆగి, లోపల చేయి పెట్టి చూసుకుని
మళ్ళీ కొడుతోంది.

ఆరు అని కొట్టాను.
చప్పుడు ఆగేదాకా ఉండి
నలభై.